ఎవరి పెంపకం గురించి మాట్లాడుతున్నాం?

2020 డిసెంబర్ 31న ఆదోనిలో పట్టపగలు ఒక దళిత యువకుడిని చంపేశారు. అతను నందవరం మండలం నుంచి చదువుకుని ఎదిగిన ఫిజియోథెరపిస్టు. బీసీ కులానికి చెందిన అమ్మాయిని ప్రేమించి పెళ్లి చేసుకున్న కొద్ది వారాలకే ఈ హత్య జరిగింది. పోలీసులు అరెస్టు చేసినవారిలో అమ్మాయి తండ్రి కూడా ఉన్నాడు. అంతకు రెండేళ్ల ముందు, 2018 సెప్టెంబర్ 14న, మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్య కళ్లెదుటే మరో దళిత యువకుడిని నరికారు. ఆ కేసులో 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది.

ఇలాంటి ప్రతి హత్య తర్వాతా ఒక మాట వింటాం: "ఈ కాలం పిల్లల పెంపకం సరిగ్గా లేదు." ప్రేమించినవాళ్ల పెంపకమే తప్పంటారు తప్ప, చంపినవాళ్ల పెంపకం గురించి ఎవరూ అడగరు. సరే, పెంపకం గురించే మాట్లాడదాం.

పరువు నేర్పే ఇల్లు

కులం పుస్తకాల్లో చదివి నేర్చుకునేది కాదు. ఎవరికి ఏ గ్లాసులో నీళ్లివ్వాలి, ఎవరిని ఎంతవరకు లోపలికి రానివ్వాలి, ఎవరిని "ఒరేయ్" అనొచ్చు అన్నవి పిల్లలు బడికి పోకముందే ఇంట్లో నేర్చుకుంటారు. సొంత కులంలోనే పెళ్లి అనే నియమమే కులానికి ప్రాణమని అంబేడ్కర్ 1916లోనే చెప్పారు. ఆ నియమానికి కాపలా కాసేది ఇల్లే.

సీమలో ఈ కాపలాకు మరో రెండు తోడయ్యాయి. ఒకటి మేనరికం. పుట్టిన ఆడపిల్లను ఉయ్యాలలో ఉండగానే "ఫలానావాడి పెళ్లాం" అని సరసమాడతారు. వానల్లేని నేలలో ఉన్న నాలుగెకరాలు బయటికి పోకూడదనే లెక్క దాని వెనక ఉంటుంది. అంటే పెళ్లి ఆ పిల్ల ఇష్టం కాదు, ఇంటి ఆస్తి వ్యవహారం. రెండోది ఫ్యాక్షన్ నేర్పిన పౌరుషం. కర్నూలు, కడప పల్లెల్లో తరాల తరబడి మగపిల్లలు విన్నది ఒకటే: అవమానం జరిగితే రక్తంతో తీర్చుకోవాలి. కూతురు తనకు నచ్చినవాడిని చేసుకోవడాన్ని కూడా అవమానాల జాబితాలో చేర్చారు.

ఆదోని కేసులో అమ్మాయిది అగ్రకులం కాదని గమనించాలి. మెట్లమెట్లుగా పేర్చిన అసమానతలో ప్రతి మెట్టుకూ కింద ఇంకో మెట్టు ఉంటుంది. పైవాడి ముందు చేతులు కట్టుకునే కుటుంబం కూడా కిందివాడి దగ్గర పరువు లెక్క తీస్తుంది. ఈ లెక్క మన వాడల్లోనూ ఉంది. మాల-మాదిగ పెళ్లికి ఒప్పుకోని ఇళ్లు మనకు తెలియనివా? అక్కడ అట్రాసిటీ చట్టం కూడా వర్తించదు. మనం మాట్లాడుకుని మార్చుకోవాల్సిందే.

తలొంచుకోమని నేర్పే ఇల్లు

దళిత ఇంట్లో పెంపకానికి మరో రూపం ఉంది. "పెద్దోళ్ల జోలికి పోవద్దు", "తలొంచుకుని పో", "వాళ్ల ఆడపిల్లలతో మాట్లాడొద్దు." ఈ మాటల వెనక ఉన్నది ప్రాణభయం, పిల్లల మీద ప్రేమ. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టలేం. కానీ భయం ఒక్కటే నేర్పితే మాట ఆగిపోతుంది. ప్రేమ సంగతి ఇంట్లో చెప్పుకోలేని కొడుకు ఒంటరిగా నిర్ణయాలు తీసుకుంటాడు, ఒంటరిగా బెదిరింపులు ఎదుర్కొంటాడు. వెంటపడి వేధించేవాడి గురించి చెబితే చదువు మాన్పిస్తారని భయపడే కూతురు నోరు విప్పదు. గుంటూరులో 2021 ఆగస్టు 15న నడిరోడ్డు మీద హత్యకు గురైన దళిత బీటెక్ విద్యార్థినిని మనం మరచిపోలేం. "కాదు" అనే మాటను వినడం ఆ యువకుడికి ఎవరూ నేర్పలేదు. ఆడపిల్లకు జాగ్రత్తలు చెప్పే ఇళ్లు వేలకు వేలు. మగపిల్లాడికి "కాదంటే కాదనే" అని చెప్పే ఇళ్లు ఎన్ని?

ఇల్లే ఊరు విడిచినప్పుడు

పెంపకానికి మనుషులు ఇంట్లో ఉండాలి కదా! కోసిగి, కౌతాళం, మంత్రాలయం ప్రాంతాల నుంచి ఏటా సుగ్గికి కుటుంబాలు కదులుతాయి. గుంటూరు మిరప చేలల్లో నెలల తరబడి గుడిసెలు వేసుకుంటాయి. పాత కడప జిల్లా రాయచోటి, రాజంపేట వైపు తల్లులు కువైట్ ఇళ్లలో పనికి పోతే పిల్లలు అవ్వల దగ్గర పెరుగుతారు. ఈడొచ్చిన పిల్లను ఒంటరిగా ఎలా వదలాలి అనే భయం బాల్యవివాహంగా మారుతుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. దేశ సగటు 23.3. దీన్ని అజ్ఞానం అనేయడం తేలిక. ఊళ్లో పని, నీళ్లు, భద్రమైన హాస్టల్ లేకపోవడమే దీనికి మూలం. పేదింటి పెంపకాన్ని నిందించేవాళ్లు ముందు ఆ ఇంటిని వలస పంపిన ప్రభుత్వాన్ని ప్రశ్నించాలి.

చట్టం ఉంది, చేతికి అందదు

కుటుంబం కాదన్నా ఇద్దరు మేజర్లు పెళ్లి చేసుకోవచ్చని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. 2018 మార్చి 27న శక్తివాహిని కేసులో జిల్లాకో ప్రత్యేక విభాగం పెట్టాలని, బెదిరింపులున్న జంటలకు రక్షణ గృహాలు చూడాలని ఆదేశించింది. పరువు నేరాలపై ప్రత్యేక చట్టం కావాలని లా కమిషన్ 2012లోనే 242వ నివేదికలో సూచించింది. నేటికీ కేంద్రం అలాంటి చట్టం తేలేదు.

పైగా, ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లికి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసు గోడకు అంటిస్తారు. ప్రాణం కాపాడుకోవాలనుకునే జంట అడ్రసును వెతికేవాళ్లకు అందించినట్టే. అమ్మాయికి 18 నిండకపోతే పోక్సో వర్తిస్తుంది. పిల్లల రక్షణకు ఆ చట్టం అవసరమే. కానీ మేనమామతో బాల్యవివాహం జరిగితే చూడనట్టుండే వ్యవస్థ, అబ్బాయి దళితుడైతే మాత్రం చురుగ్గా కదలడాన్ని మనం ప్రశ్నించాలి.

మన పని

విద్యార్థి సంఘాలు, దళిత సంఘాలు చేయగలిగిన పనులున్నాయి. శక్తివాహిని తీర్పు మేరకు మీ జిల్లాలో ప్రత్యేక విభాగం ఉందా, దాని నంబరేమిటి, రక్షణ గృహం ఎక్కడ అని ఆర్టీఐ కింద ఎస్పీ, కలెక్టర్ కార్యాలయాలను అడగండి. జవాబు వస్తే హాస్టల్ గోడల మీద రాయండి, రాకపోతే అప్పీలుకు వెళ్లండి. వలస మండలాల్లో సీజనల్ హాస్టళ్లు సుగ్గి మొదలయ్యాక కాకుండా ముందే తెరవాలని పట్టుబట్టండి. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో, కస్తూర్బా విద్యాలయాల్లో ప్రేమ, సమ్మతి, కులం గురించి చర్చలు పెట్టండి. మగపిల్లలతో మొదలుపెట్టండి.

ఇక మన ఇళ్లు. పిల్లలకు ప్రమాదం గురించి చెప్పాల్సిందే, కానీ దాంతోపాటు "ఏం జరిగినా ముందు మాకు చెప్పు, మేం నీ వెంట ఉంటాం" అనే మాట కూడా చెప్పాలి. కులం మీద పోరాటం సభల్లో ఎంత చేసినా, కూతురు ఇంటికొచ్చి ఒక పేరు చెప్పినప్పుడు మనం ముందు అడిగేది "వాడిదే కులం?" అయితే, ఆ పోరాటం మన గడప దాటి లోపలికి రానట్టే.