దీపం వెలగకపోతే పెట్టె మార్చడమేనా?

ఒకప్పుడు కారు ఎలక్ట్రీషియన్‌కు టెస్టు ల్యాంపు, స్క్రూడ్రైవరు ఉంటే చాలు. అంబాసిడర్ కారు హెడ్‌లైటు వెలగలేదంటే స్విచ్చి నుంచి ఫ్యూజు దాకా, ఫ్యూజు నుంచి బల్బు దాకా తీగ పట్టుకుని పోతే ఎక్కడో ఒకచోట దొంగ దొరికేవాడు. ఇప్పటి కార్లలో ఆ దారి మారింది. స్విచ్చి నొక్కితే కరెంటు నేరుగా బల్బుకు పోదు, ఒక అర్జీ పోతుంది. డాష్‌బోర్డు కింద ఫ్యూజుల పెట్టె పక్కనో, దానిలోనే కలిసో ఉండే ఒక చిన్న పెట్టె ఆ అర్జీ చదివి, సరేననుకుంటే బల్బుకు కరెంటు మంజూరు చేస్తుంది. దాని పేరు బాడీ కంట్రోల్ మాడ్యూల్. మెకానిక్కులు బీసీఎం అంటున్నారు. లైట్లు, వైపర్లు, హారను, సిగ్నళ్లు, తలుపుల తాళాలు, అద్దాలు, అన్నిటి మీదా పెత్తనం దానిదే. చాలా మోడళ్లలో సరైన తాళంచెవి లేనిదే ఇంజను స్టార్టు కానివ్వని ఏర్పాటు కూడా దీనితోనే ముడిపడి ఉంటుంది.

పెట్టెతో పేచీ లేదు. దాని పేరు చెప్పి సాగుతున్న వ్యవహారంతోనే పేచీ.

మైలవరం, తిరువూరు ప్రాంతాల్లో అప్పు చేసి కారు కొనుక్కుని కిరాయికి తిప్పుకునే యువకులు ఎందరో ఉన్నారు. పెళ్లి ముహూర్తాలు, తిరుపతి ట్రిప్పులు, విజయవాడ ఆసుపత్రులకు రోగులను తీసుకుపోవడం వారి జీవనాధారం. అలాంటి ఒకరి కారుకు వాన లేకుండానే వైపర్లు ఆడసాగాయి. తలుపుల తాళాలు వాటంతట అవే పడుతున్నాయి. సర్వీసు సెంటరుకు తీసుకుపోతే స్కానరు పెట్టి, ఏదో కోడు చూసి, బీసీఎం పోయిందన్నారు. పెట్టె వచ్చేదాకా కారు అక్కడే ఉంది. ముహూర్తాల రోజుల్లో బేరాలన్నీ పోయాయి. చివరకు నెల కిస్తీని మించిన బిల్లు కట్టి కారు తెచ్చుకున్నాడు. వారం తిరగకుండా వైపర్లు మళ్లీ మొదలు. ఈసారి ఊళ్లోని ఆటో ఎలక్ట్రీషియన్ కార్పెట్ లేపి చూస్తే, బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు తుప్పు పట్టి వదులుగా ఉంది. గీకి, బిగించి, గ్రీజు పూశాడు. అంతటితో సరిపోయింది. తీసేసిన పాత పెట్టె ఏమైందని డ్రైవరు అడిగితే సమాధానం లేదు.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదనే అనుకుందాం. కానీ కోడు కనిపించగానే పెట్టె మార్చడం వైద్యం కాదు. జ్వరం ఉందని థర్మామీటరు చెబుతుంది, అది మలేరియానో టైఫాయిడో చెప్పదు. స్కానరులో వచ్చే కోడు కూడా అంతే. ఫలానా పెట్టె పలకడం లేదని చూపిస్తే, పెట్టె చచ్చిపోయి ఉండవచ్చు, దానికి కరెంటు అందక ఊరుకుని ఉండవచ్చు, మధ్యలో తీగ తెగి ఉండవచ్చు.

అసలు పరీక్ష బ్యాటరీతో మొదలు కావాలి. ఆగి ఉన్న కారులో మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపుల్లో చూపించాలి, ఇంజను నడుస్తున్నప్పుడు చాలా కార్లలో 14 వోల్టుల దాపుకు రావాలి. నీరసించిన బ్యాటరీతో బీసీఎం రకరకాల వేషాలు వేస్తుంది. తరువాత ఫ్యూజులు, రిలేలు. ఆ తరువాత పెట్టె దగ్గరకే పోయి, దానికి వచ్చే కరెంటు తీగల్లో వోల్టేజి ఉందా, ఎర్త్ సరిగా ఉందా చూడాలి. ఇది లైట్లు, బ్లోయరు వేసి ఉంచి చూడవలసిన పని. ఏ భారమూ లేనప్పుడు తుప్పు పట్టిన బోల్టు కూడా మంచిదానిలాగే కనిపిస్తుంది. లోడు మీద బ్యాటరీ నెగటివ్‌కూ, పెట్టె ఎర్త్‌కూ మధ్య 0.2 వోల్టులు దాటి చూపించిందంటే ఆ దారిలోనే లోపముందన్నమాట. పై డ్రైవరు కారుకు ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే ఆ బిల్లు తప్పేది.

పెట్టెల మధ్య కబుర్లు మోసే జంట తీగలను క్యాన్ లైను అంటారు. దాని రెండు కొసల్లో 120 ఓములవి రెండు రెసిస్టర్లు ఉంటాయి. బ్యాటరీ తీసేసి మీటరు పెడితే 60 ఓముల దాపు రావాలి. 120 వచ్చిందంటే ఎక్కడో తీగ తెగింది. మన పల్లెల్లో దీనికి మొదటి ముద్దాయి ఎలుక. గడ్డివాము పక్కన, ధాన్యం బస్తాల పక్కన కారు నిలిపితే ఎలుక ఊరుకుంటుందా?

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతోందనేది ఇంకొక ఫిర్యాదు. కారు తాళం వేశాక పెట్టెలన్నీ నిద్రపోవాలి. అప్పుడు లాగే కరెంటు సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్లు మించకూడదు. బీసీఎం నిద్రపోక అర ఆంపియరు లాగుతోందంటే రోజుకు 12 ఆంపియర్ అవర్లు పోయినట్లే. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు రోజులు కూడా నిలవదు. అయితే నిద్రపట్టడానికి కొన్ని కార్లకు అరగంటకు పైగా పడుతుంది. తలుపు తీసి ఉంచి, ఐదు నిమిషాల్లో కొలిచి, పెట్టె పాడైందనేవారూ ఉన్నారు!

నిజంగా పెట్టె పాడయ్యే సందర్భాలు లేకపోలేదు. ముందు అద్దం కింద నీరు పోయే దారి ఆకులతో మూసుకుపోయి ఆ నీరు లోపలికి దిగితే పిన్నులకు చిలుము పడుతుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం వంటి ప్రాంతాలు మునిగినప్పుడు వేల వాహనాలు నీట నిలిచాయి. అలా మునిగిన కారు ఆరబెట్టగానే నడవవచ్చు. పిన్నుల్లో మొదలైన చిలుము మాత్రం నెలల తరువాత గాని బయటపడదు. కారును నెట్టలేక వేరే బ్యాటరీ తగిలించి స్టార్టు చేసేటప్పుడు ప్లస్సు మైనస్సు తారుమారైనా పెట్టె పోతుంది. వాహనదారుల తప్పూ కొంత ఉంది. రిలే పెట్టకుండా పెద్ద హారన్లు, అదనపు దీపాలు అసలు తీగకే కలిపేస్తే ఆ బరువు మోయవలసింది బీసీఎమ్మే.

మార్చక తప్పనప్పుడు పార్టు నంబరు సరిపోవాలి. బ్యాటరీ తీగ విప్పాకే పెట్టెపై చెయ్యి వేయాలి. దగ్గరలో పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి పోరాదు. కొత్త పెట్టె బిగిస్తే పని అయిపోదు. ఈ కారుకు ఏ దీపాలున్నాయి, వెనుక వైపరు ఉందా లేదా అనే వివరాలు కంపెనీ స్కానరుతో దానికి నేర్పాలి. తాళంచెవులు ఉన్నవన్నీ తీసుకుపోయి మళ్లీ పరిచయం చేయించాలి. పాత ఇనుప సామాన్ల కొట్టులో చవకగా దొరికిందని వేరే కారు పెట్టె తెచ్చి బిగిస్తే, చాలా మోడళ్లలో ఆ పెట్టె పాత యజమాని తాళంచెవినే గుర్తుపడుతుంది తప్ప మీది కాదు.

సరిగ్గా ఇక్కడే పల్లె మెకానిక్కు చేతులు కట్టేసినట్లవుతున్నది. బజారులో దొరికే చవక స్కానరు ఇంజను కోడులు చదువుతుంది, ఎందుకంటే పొగ కాలుష్యం నిబంధనల కోసం వాటిని అందరికీ ఒకే భాషలో ఉంచక తప్పలేదు. బీసీఎం భాష మాత్రం ఏ కంపెనీది ఆ కంపెనీదే. ఆ భాష తెలిసిన స్కానరు ఊళ్లో ఉండదు. విజయవాడ ఆటోనగర్‌లో ఎంతటి పనిమంతులున్నా, కోడింగు దగ్గరకు వచ్చేసరికి కంపెనీ గుమ్మం తొక్కవలసిందే.

ఇది కొత్త వివాదం కాదు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా విధించింది. విడిభాగాలు, పరీక్ష పరికరాలు బయటి మెకానిక్కులకు అందకుండా చేస్తున్నారన్నదే అభియోగం. వాటిని అందుబాటులో ఉంచాలని ఆదేశించింది కూడా. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు పేరిట ఒక పోర్టల్ ప్రారంభించింది. కానీ తిరువూరు షెడ్డులో పనిచేసే మెకానిక్కుకు వీటివల్ల ఒరిగింది బహు స్వల్పం.

కంపెనీల వాదన కూడా వినదగినదే. తాళంచెవి రహస్యాలు అందరి చేతిలో పెడితే దొంగలకు దారి చూపినట్లవుతుందంటారు. నిజమే. అయితే తాళంచెవి పనిని గుర్తింపు పొందిన మెకానిక్కులకే, పేరు నమోదు చేసి అప్పగించవచ్చు కదా? ఎర్త్ బోల్టు ఎక్కడుందో, ఏ పిన్నులో ఎన్ని వోల్టులు రావాలో చెప్పే పటం దాచడం వల్ల ఏ దొంగను ఆపుతున్నారు?

ఐటీఐల్లో మోటారు మెకానిక్కు కోర్సు రెండేళ్లు చదివిన కుర్రవాడికి బీసీఎం విప్పి, పరీక్షించి, బిగించే అనుభవం అక్కడే కలగాలి. ఆటోనగర్‌లో అందరూ అద్దెకు వాడుకునేలా కంపెనీ స్థాయి స్కానరు ఒకటి ఏర్పాటు చేయడం పరిశ్రమల శాఖకు పెద్ద పని కాదు. సర్వీసు సెంటర్లు బీసీఎం మార్చే ముందు బ్యాటరీ వోల్టేజి, ఎర్త్, క్యాన్ లైను కొలతలు కాగితంపై రాసివ్వాలి, వారంటీలో లేని పాత పెట్టెను యజమానికి తిరిగి ఇవ్వాలి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అందుకు చేతిలో జాబ్‌కార్డు ఉండాలి. కారు అప్పగించేటప్పుడు దాని నకలు అడిగి తీసుకోండి, వైపర్లు వాటంతట అవే ఆడుతున్నాయని మీరు చెప్పిన మాటను అందులో మీ ఎదుటే రాయించండి.