పొయ్యి యార్పక వంటిల్లు మార్చుట

నిత్యము వంట జరుగు నింట వంటిల్లు మార్చవలసివచ్చిన గృహిణి పడు శ్రమ మా సోదరీమణులకు తెలియనిది కాదు. పాతపొయ్యి తీసివేయవలెను, పిల్లలను పస్తుంచరాదు. కంప్యూటర్లతో నడచు వర్తకసంస్థలకును ఇట్టి యవస్థయే కలుగుచుండును. తెరపై మనకు కనబడునది ముంగిలి మాత్రమే. లెక్కలు వ్రాసి, అడిగినదానిని అందించు యంత్రము లన్నియు వెనుకనున్న వంటిల్లు. అమెరికాలోని నెట్‌ఫ్లిక్స్ సంస్థ ఆ వంటింటిని మార్చుకొనిన విధము తెలిసికొనదగినది.

ఈ సంస్థ మొదట చలనచిత్రముల డీవీడీలను తపాలాలో చందాదారులకు పంపుచుండెడిది; 2007లో ఇంటర్నెట్టు ద్వారా ప్రసారమును ప్రారంభించెను. 2008 ఆగస్టులో దాని డేటాబేసు చెడిపోయి, మూడు దినములు డీవీడీలు పంపుటకు వీలులేకపోయెను. సర్వమును ఒక్క కుండలో వండుటవలన కలిగిన చిక్కిది. అంతట తమ యంత్రములను విడిచి, అమెజాను సంస్థ అద్దెకిచ్చు కంప్యూటర్లపై ప్రసారవిభాగమును నడుప నిశ్చయించిరి.

పాత యేర్పాటును మూటగట్టి క్రొత్తచోట దింపుట సులభమే. కాని పాతలోపములును ఆ మూటలోనే వచ్చును. కావున వారు పనినంతను విడదీసి, ఒకటి చెడినను తక్కినవి నిలుచునట్లు, వందలకొలది చిన్నసేవలుగా మరల నిర్మించిరి. అంతటితో తృప్తినొందక, తమ యంత్రములనే ఉన్నట్టుండి ఆపివేయు ప్రోగ్రామొకటి వ్రాసి, దానికి 'కేయాస్ మంకీ' యని పేరిడిరి. ఇంట కోతిని తామే విడిచి, వంట సాగునో లేదో చూచుట యన్నమాట!

పాతది నడచుచుండగనే క్రొత్తది పెరిగెను. ధనముతో కూడిన చందాలెక్కలను తుదిదాక కదల్పలేదు. 2016 జనవరిలో పని ముగిసెను, ఏడేండ్లు పట్టెను. ఆ నెలలోనే మన దేశముతో కూడ నూటముప్పదికి పైగా క్రొత్తదేశములలో ఆ ప్రసారము మొదలయ్యెను. చిత్రము చూచి సంతోషించినవారిలో ఈ యేడేండ్ల శ్రమ నెరిగినవారెందరు?

చూచువారికి మార్పు తెలియకుండుటయే ఇట్టి పనికి గెలుపు. అందుచేతనే దీనికి మెప్పు తక్కువ. వంటింటి పని యెరిగిన మన స్త్రీలకు ఈ మాట వివరింప నక్కరలేదు. నేడు మన కుమార్తెలును కోడండ్రును ఎందరో ఇట్టి పనియందే రాత్రులు మేలుకొనుచున్నారు. "కదలక కూర్చుండుటయే గదా" యని వారి శ్రమను తేలిక చేయక, ఆ వేళ ఒక గ్లాసెడు పాలు వారి చేతికందించిన చాలునని మా మనవి.