క్లాసు ఎవరికి పెట్టాలి?

పోయిన ఆదివారం సమావేశంలో నేను లేచి మాట్లాడబోతే టైమ్ అయిపోయిందని కూర్చోబెట్టారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగే. నేను చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు పెద్దయినాక నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకోండి.

విషయం ఏమంటే, హొసూరు, బెంగళూరు కంపెనీల్లో పనిచేసే మన పిల్లలకు సంఘం ఖర్చుతో ఒకరోజు ‘ఎమోషనల్ ఇంటెలిజెన్స్’ ట్రైనింగ్ పెట్టాలని తీర్మానం. తెలుగు పేపర్లలో దీన్ని భావోద్వేగ ప్రజ్ఞ అంటున్నారు. మా అవ్వ అయితే ఎదుటివాళ్ళ మనసెరిగి మసలుకోవడం అనేది. తన కోపం తనకు తెలియడం, ఎదుటివాడి బాధ కనిపెట్టడం, నోరు అదుపులో పెట్టుకోవడం. 1990లో సాలొవే, మేయర్ అనే ఇద్దరు అమెరికా ప్రొఫెసర్లు ఈ పేరుతో వ్యాసం రాశారు. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకం వచ్చినాక కంపెనీలన్నీ దీన్ని పట్టుకున్నాయి. మంచి విషయమే, నాకు దాంతో పేచీ లేదు. నా పేచీ ఒక్కటే. ఈ క్లాసులో ముందు కూర్చోవాల్సింది మన పిల్లలా?

నేను ముప్పై ఏళ్ళకు పైగా టికెట్ కిటికీ వెనక కూర్చున్నవాణ్ణి. ఆ పని ఎట్లాంటిదో తెలియనివాళ్ళకు చెప్తాను. డ్యూటీ ఎక్కేముందు జేబులో ఉన్న సొంత డబ్బు ఎంతో రిజిస్టర్లో రాయాలి. దిగేటప్పుడు లెక్క తక్కువైతే మన చేతినుంచి కట్టాలి. బండికి పది నిమిషాలు ఉంటుంది, ముందర నలభై మంది ఉంటారు, పెట్టెలో చిల్లర ఉండదు. ఒంటికి పోవాలన్నా కిటికీ మూయలేం.

అట్లాంటి ఒక పొద్దున, ఒక ముసలామె కొంగుముడి విప్పి చిల్లర ఒక్కొక్కటే లెక్కపెడుతోంది. వెనక జనం అరుస్తున్నారు. ‘పక్కకు పోయి లెక్కపెట్టుకొని రా, పో’ అని నేనూ అరిచాను. తమిళంలో, ఏకవచనంలో. ఆమె పక్కకు జరిగింది. బండి వచ్చింది, పోయింది. జనం తగ్గినాక చూస్తే ఆమె బల్ల మీద కూర్చొని ఇంకా ఆ చిల్లరే లెక్కపెడుతోంది. మెల్లగా, తెలుగులో. మా అమ్మ లెక్కపెట్టే మాదిరి. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, తర్వాతి బండికి టికెట్ ఎప్పుడిస్తారయ్యా అని మాత్రం అడిగింది.

కొన్నాళ్ళకు అదే స్టేషన్లో పొద్దుటి రద్దీకి రెండో కిటికీ తెరిచారు. నాకు ఏ ట్రైనింగూ ఇవ్వలేదు. నా గుణమూ మారలేదు, కావాలంటే మా ఇంట్లో అడగండి. కిటికీ ఒకటి పెరిగింది, అంతే. ‘తాపీగా లెక్కపెట్టండమ్మా’ అనే మాట నా నోటినుంచే వచ్చింది. నాకే ఆశ్చర్యం వేసింది.

ట్రైనింగ్ దండగ అని నేను అనడం లేదు. సర్వీసు చివర్లో ఒక క్లాసుకు నేనూ పోయినాను. అందులో ఒక సంగతి నిజంగా పనికొచ్చింది. ఎదుటివాడు అడిగినదాన్ని మనం ఒకసారి తిరిగి చెప్పి, ఆ తర్వాత జవాబు చెప్పమన్నారు. ‘సేలం పోవాలి, ఇద్దరు పెద్దలు, ఒక పిల్ల, అంతే కదా?’ ఇట్లా అంటే సగం గలాటా అక్కడే ఆగిపోతుంది. కేంద్ర ప్రభుత్వం 2020లో మిషన్ కర్మయోగి మొదలుపెట్టింది, రైల్వేలోనూ ప్రయాణికుల ఎదుట పనిచేసేవాళ్ళకు ట్రైనింగులు వచ్చాయి. రానీ, మంచిదే. రెండో కిటికీ కూడా రావాలి అంటున్నాను.

అమెరికాలో ఆర్లీ హోక్‌షీల్డ్ అనే ఆమె 1983లోనే ఒక పుస్తకం రాసింది. విమానాల్లో పనిచేసే ఆడవాళ్ళకు ఇచ్చే ట్రైనింగ్ చూసి రాసింది. విమానాన్ని మీ ఇంటి హాలు అనుకోండి, ప్రయాణికుడిని ఇంటికొచ్చిన చుట్టం అనుకోండి అని వాళ్ళకు నేర్పేవాళ్ళు. ఎవడు ఏమన్నా నవ్వాలి. ఆ నవ్వూ ఒక కూలి పనే అని ఆమె తేల్చింది. మూట మోస్తే భుజం నొస్తుంది, దీనికి లోపల నొస్తుంది.

మన సంఘంలోనే ఒక అమ్మాయి సంగతి చూడండి. పేరూ కంపెనీ పేరూ రాయను. సూపర్‌వైజర్ అందరి ముందర నానా మాటలు అన్నాడని పైన చెప్పుకుంది. వాళ్ళు ఏం చేశారు? ఆ పిల్లనే ఈ ట్రైనింగుకు పంపారు. ఓర్చుకోవడం నేర్చుకోమని! అరిచినవాడు ఆ రోజు ఎక్కడున్నాడు? లైనులోనే, ఇంకొకరి మీద అరుస్తూ.

మన పాపారపట్టిలో సుబ్రమణ్య శివ సమాధి ముందర రోజూ నడుస్తాం. జైల్లో ఆయనకు కుష్ఠురోగం వచ్చింది. ఆ రోగం పేరు చెప్పి ఇంగ్లీషు ప్రభుత్వం ఆయన్ను రైలెక్కకూడదని నిషేధించింది. ఆయన ఊరూరా నడిచాడు, చివరికి 1925 జూలై 23న ఇక్కడే కన్నుమూశాడు. టికెట్ గుమాస్తాగా నాకు ఒక ఆలోచన వస్తుంటుంది. ఆ కాలంలో ఏ కిటికీలో నా మాదిరి వాడో ఆయనకు టికెట్ లేదని చెప్పే ఉంటాడు. ఎంత మర్యాదగా, ఎంత తియ్యగా చెప్పి ఉంటే మాత్రం ఆయన కాళ్ళకు నడక తప్పేదా?

ఇంటర్వ్యూలో ఇవన్నీ అడుగుతున్నారు, సర్టిఫికెట్ ఉంటే పిల్లలకు మేలు అని కార్యదర్శి తమ్ముడు అన్నాడు. నిజమే, కాదనను. పిల్లలకూ పెట్టండి. అయితే రెండో రోజున. మొదటి రోజు మనకు పెట్టండి. మన సంఘంలో అంగళ్ళు ఉన్నవాళ్ళు ఉన్నారు, మిల్లు నడిపేవాళ్ళు, బిల్డింగ్ కాంట్రాక్టర్లు, నా మాదిరి రిటైరై కోడళ్ళ మీద అజమాయిషీ చేసేవాళ్ళు ఉన్నారు. మన దగ్గర పనిచేసే పిల్లోణ్ణి ‘ఒరే’ అనకుండా పేరు పెట్టి పిలిచేవాళ్ళం ఎంతమంది? నెలలో ఎన్ని రోజులు వాడికి టైముకు అన్నం తినే తీరిక ఇస్తున్నాం?

వచ్చే సమావేశంలో ఈ సవరణ పెడతాను. ఈసారి టైమ్ అయిపోయిందనకండి. మొదటి రోజు క్లాసుకు నా పేరు ఇప్పుడే రాసుకోండి. మీ పేర్లు కింద రాయండి, యజమానులు ముందు.