తిరగని కారుకు దండాలెందుకు?

2022 జనవరిలో అమెరికాలోని స్కాట్స్‌డేల్‌లో, బారెట్-జాక్సన్ వేలంపాటలో ఒక నల్ల కారు ఐదు లక్షల డాలర్లు పలికింది. 1987 డిసెంబర్‌లో మిషిగన్ రాష్ట్రం పాంటియాక్ ఫ్యాక్టరీలో తయారైన ఆఖరి బ్యూయిక్ గ్రాండ్ నేషనల్ అది. ముప్ఫై నాలుగేళ్ళలో అది తిరిగింది 33 మైళ్ళు. మన లెక్కలో చెప్పాలంటే, హిందూపురంలో బయల్దేరి పెనుకొండ దాటి, ధర్మవరం చేరకముందే ఆగిపోయినంత దూరం. ఆ కారుకి అంత ధర రావడానికి పెద్ద కారణం అది వెళ్ళిన చోట్లు కావు, వెళ్ళకపోవడమే.

ఇలాంటి కార్ల అమ్మకం ప్రకటనలు మా ఇంజనీర్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటాయి. డాలస్ నుంచి ఒకరు పెడతారు, బెంగళూరు నుంచి ఇంకొకరు నిట్టూరుస్తారు. "చెక్కుచెదరలేదు, పెయింట్ ఒరిజినల్, సీటు మీద మరక లేదు." కింద ఒకటే మాట: "ఇప్పుడెక్కడున్నాయండీ ఇలాంటివి!" ఈ కారు మామూలు దారిలో మన దేశంలోకి రానే రాదు. వాడిన కారును దిగుమతి చేసుకోవాలంటే అది మూడేళ్ళ లోపుదై ఉండాలి, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. అంటే మనవాళ్ళు ప్రేమించేది కారుని కాదు, దాని ఫొటోని. ఇదే మనుషులు పెనుకొండలో తయారయ్యే టర్బో కారుని "ప్లాస్టిక్ డబ్బా" అని తీసిపారేస్తారు.

నా తగాదా ఆ కారుతో కాదు, ఈ నిట్టూర్పుతో. ఎందుకంటే మనం పుస్తకాలు చదివేటప్పుడు కూడా ఇదే నిట్టూరుస్తున్నాం.

ముందు కారు సంగతి. గ్రాండ్ నేషనల్ పుట్టింది కలిమిలో కాదు, కరువులో. 1973లో ఒకసారి, 1979లో మరోసారి చమురు కటకట వచ్చింది. ఇంత మైలేజీ ఇచ్చి తీరాలని అమెరికా ప్రభుత్వం కార్ల కంపెనీలకు రూలు పెట్టింది. ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజన్లకు రోజులు దగ్గర పడ్డాయి. బ్యూయిక్ ఇంజనీర్లు ఆరు సిలిండర్ల ఇంజన్ తీసుకుని దానికి టర్బో తగిలించారు. టర్బో అంటే పెద్ద మాయేం కాదు. పొగగొట్టంలోంచి ఊరికే పోయే వేడి గాలితో ఒక చక్రం తిప్పి, ఆ చక్రంతో బయటి గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపడం. వృథా అయ్యేదాన్ని పట్టుకుని పనిలో పెట్టడం. అలా 1987లో చేసిన జీఎన్ఎక్స్ అనే ప్రత్యేక రకం మొత్తం 547 కార్లు. 3.8 లీటర్ల ఇంజన్, కాయితం మీద 276 హార్స్‌పవర్. ఆ ఏటి కార్వెట్‌నే వెనక్కి నెట్టింది. దానికి పేరొచ్చింది రోడ్డు మీద పరిగెత్తి. గ్యారేజీలో దుప్పటి కప్పుకుని పడుకుని కాదు.

పైగా కారు కదలకుండా ఉంటే బాగుంటుందనేది పెద్ద భ్రమ. ట్యాంకులో పెట్రోలు పాడై జిగురు కడుతుంది. రబ్బరు సీళ్ళు ఎండి పగుళ్ళు తేలతాయి. ఒకే చోట నిలబడ్డ టైర్లు అక్కడే చదునైపోతాయి. ఇవన్నీ బాగుచేసి నడుపుదామా అంటే, ప్రతి మైలుకీ ధర పడిపోతుంది. కొన్నవాడు నడపలేడు, నడిపేవాడు కొనలేడు. అది ఇక కారు కాదు, నాలుగు చక్రాల షేర్ సర్టిఫికెట్.

ఇప్పుడు పెనుకొండకి రండి. 2017 ఏప్రిల్‌లో కియా రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 2019 ఆగస్టులో ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీ నుంచి మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. మరుసటి ఏడు సోనెట్. అందులో 998 సీసీ, మూడు సిలిండర్ల టర్బో ఇంజన్ ఎందుకుందో తెలుసా? మన దేశంలో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజన్ ఉన్న పెట్రోలు కారుకి పన్ను తక్కువ. అక్కడ చమురు కటకట, ఇక్కడ పన్ను రూలు. రెండు చోట్లా ఇరుకులోంచే టర్బో పుట్టింది. 2023లో సెల్టోస్‌కి వచ్చిన 1.5 లీటర్ల టర్బో ఇంజన్ బలం 160 పీఎస్. జీఎన్ఎక్స్ లీటరుకి డెబ్భై పైచిలుకు హార్స్‌పవర్ ఇస్తే, ఇది నూరు దాటి ఇస్తుంది. సెల్టోస్ గొప్ప కారని నేను వాదించడం లేదు. ఇదీ ఆ వంశంలోదే అంటున్నాను. "దానికి ఆత్మ ఉంది, దీనికి లేదు" అనేవాళ్ళు దాని ఓడోమీటర్ చూశారే గాని, దీని బానెట్ ఎత్తి చూడలేదు.

ఇక పుస్తకాలు. తెలుగు సాహిత్యంలో పెనుకొండ అనగానే గుర్తొచ్చేది పుట్టపర్తి నారాయణాచార్యుల "పెనుగొండ లక్ష్మి". కుర్రతనంలో రాసిన ఆ కావ్యాన్నే తర్వాత ఆయన విద్వాన్ పరీక్షకు పాఠ్యపుస్తకంగా చదువుకోవాల్సొచ్చింది. శిథిలాల మధ్య నిలబడి పోయిన వైభవాన్ని తలుచుకునే కావ్యం. ఆ వయసులో అది రాయగలగడం అబ్బురమే. కానీ ఇన్నేళ్ళ తర్వాత కూడా మనం పెనుకొండని అదే శిథిలంలోనే కూర్చోబెడితే తప్పు ఆయనది కాదు, మనది. 2019లో బండి నారాయణస్వామి "శప్తభూమి"కి కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. అనంతపురం సీమ పద్దెనిమిదో శతాబ్దపు బతుకు మీద నవల. రావాల్సిన అవార్డే. సెల్టోస్ బయటికొచ్చిందీ ఆ ఏడే. అనంతపురం నేల పాత కథ చదివి మనం చప్పట్లు కొడుతుంటే, అదే నేల మీద కొత్త కథ షిఫ్టుల్లో నడుస్తోంది.

హైదరాబాద్ పాఠకుడికి సీమ కథ అంటే కరువు, ఫ్యాక్షన్, రాగిసంకటి. కరువు అబద్ధమని ఎవరన్నారు? ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని చోటు. కానీ ఆ కరువు కూడా ఒకచోట ఆగి లేదు కదా. హంద్రీ-నీవా కాలువలో వచ్చిన కృష్ణ నీళ్ళు గొల్లపల్లి రిజర్వాయర్ చేరి, అక్కణ్ణుంచి ఫ్యాక్టరీకి పైపులో వెళ్ళాయి. చెరువు కింద రైతు ఆ పైపుని ఎలా చూశాడు? పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని 2019లో రాష్ట్రం చట్టం చేసింది. ఆ చట్టం పేరు విని ఐటీఐలో చేరిన కుర్రాడికి దొరికింది పర్మనెంట్ ఉద్యోగమా, కాంట్రాక్టు కార్డా? హైవే పక్కన కొరియన్ అక్షరాల బోర్డు కింద గిన్నెలు కడిగే అక్క ఏ ఊరిది? ఇవన్నీ కథలు. మనకి మాత్రం సీమ ఓడోమీటర్ సున్నా దగ్గరే ఉండాలి. మరక పడకూడదు.

ధర్మవరంలోనూ ఇదే చూపు. పట్టుచీర కొని బీరువాలో పెట్టి, ఏడాదికోసారి మడత మార్చి, "పదేళ్ళయినా కొత్తదానిలాగే ఉంది" అని మురిసిపోతాం. చీర ఎంత భద్రంగా ఉందో అడుగుతాం. గుంటమగ్గంలో కాళ్ళు పెట్టి నేసినాయన మోకాళ్ళు ఎలా ఉన్నాయో అడగం. చేనేతకి కొన్ని రకాల బట్టలు రిజర్వ్ చేస్తూ 1985లో చట్టం వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా చేనేత చీరల డిజైన్లని మరమగ్గాలు దింపేస్తున్నాయని నేతగాళ్ళు గొడవ పెట్టాల్సొస్తోంది. వస్తువు మీద గీత పడకుండా కాపాడుకుంటున్నాం. దాన్ని చేసిన చేతి మీద గీతలు మన లెక్కలోకి రావు.

"మరి ఏదీ దాచొద్దంటావా? దాచకపోతే రేపటివాళ్ళకేం మిగులుతుంది?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒక్క గ్రాండ్ నేషనల్ అయినా ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టే ఉంటే, రేపు మరమ్మతు చేసేవాడికి ఏ బోల్టు ఎక్కడుండేదో తెలుస్తుంది. మ్యూజియం చేసే పని అదే, అది చెయ్యాల్సిందే. కానీ దాచడం వేరు, దాచినందుకే విలువ కట్టడం వేరు. హిందూపురం పక్కనే లేపాక్షి ఉంది. వీరభద్రాలయం కప్పు మీద విజయనగర కాలం నాటి బొమ్మలు ఇంకా ఉన్నాయి. కిందేమో జనం తిరుగుతున్నారు, వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి లాగి చూస్తున్నారు, పిల్లలు నంది దగ్గర ఫొటోలు దిగుతున్నారు. రంగులు కొంత వెలిశాయి, రాళ్ళు కొంత అరిగాయి. అయినా అది గుడే. తాళం వేసి నూరేళ్ళు ఎవర్నీ రానివ్వకపోతే రంగు ఇంకాస్త నిలిచేదేమో, గుడి మాత్రం మిగిలేది కాదు.

"మరక లేదు, గీత లేదు, అసలు వాడలేదు" అనేది అమ్మేవాడి భాష. అతనికది అవసరం, తప్పు పట్టను. పాఠకుడికి ఆ భాషతో పనేంటి? క్లాసిక్‌ని కవర్ చింపకుండా షెల్ఫులో పెట్టి ఫొటో తీసేవాడూ, ఒక ప్రాంతాన్ని యాభై ఏళ్ళ కిందటి కథలోనే ఉండమని కోరేవాడూ చదువరులు కారు, వేలంపాటకొచ్చిన కొనుగోలుదారులు. పెనుకొండ కొండెక్కితే కింద ఫ్యాక్టరీ వైపు బస్సులు తిరుగుతుంటాయి. కోట గురించి రాసింది చాలా ఉంది. ఆ బస్సుల్లో ఎక్కి దిగేవాళ్ళ గురించి నేను చదివినంతలో చాలా తక్కువ. ముందు అది రాయండి. నల్ల కారు సంగతి తర్వాత చూద్దాం, అది ఎటూ కదలదు.