తాబేళ్ళ కాపలా, కొండల షికారు

వేసవి శలవులు వచ్చాయంటే మీలో కొందరు అమ్మమ్మగారి వూరు వెళ్ళి మామిడితోటల్లో పడతారు. కొందరు ఇంట్లోనే వుండి అమ్మను వేపుకు తింటారు. నేను కాలేజీలో చదివే రోజుల్లో ఒక వేసవి అంతా తాబేళ్ళకు కాపలా కాశాను. నవ్వకండి, అది నిజంగా వుద్యోగమే! వారానికి ఒక రోజు శలవు కూడా వుండేది. ఆ రోజున నేను కొండలెక్కేవాణ్ణి.

కృష్ణానది దివిసీమను చుట్టి పాయలుగా చీలి సముద్రంలో కలిసేచోట మడ అడవులున్నవి. అదంతా వన్యప్రాణుల అభయారణ్యం. అక్కడ బావురుపిల్లి వుంటుంది. అది నీళ్ళలో దిగి చేపలు పట్టుకు తింటుంది. పిల్లికి నీళ్ళంటే భయమని మనం అనుకుంటాం కదా, ఆ మాట దానికి ఎవరూ చెప్పలేదు కాబోలు! నేను దాన్ని ఒక్కసారీ చూడలేదు. తెల్లవారి బురదలో దాని అడుగులు మాత్రం చూసేవాణ్ణి.

ఇక తాబేళ్ళ సంగతి. ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి, వెనక కాళ్ళతో మూరెడు లోతు గొయ్యి తవ్వి, నూరు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. మళ్ళీ తిరిగి చూడదు. నక్కలూ కుక్కలూ వాసన పట్టి ఆ గుడ్లు తవ్వి తినేస్తవి. అందుచేత కాపలావాళ్ళు గుడ్లను జాగ్రత్తగా తెచ్చి, కంచె వేసిన చోట అంతే లోతున పాతిపెడతారు. తెచ్చేటప్పుడు గుడ్డును దొర్లించకూడదు సుమా! గుడ్డు పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పై పెంకుకు అతుక్కుంటుంది. తలకిందులు చేస్తే చచ్చిపోతుంది.

ఇంకొక వింత వినండి. తాబేలు పిల్ల ఆడదో మగదో తేల్చేది ఇసుక వేడి! సుమారు 30 డిగ్రీలకు పైన వుంటే ఆడపిల్లలు ఎక్కువ, తక్కువయితే మగపిల్లలు ఎక్కువ. మరీ వేడెక్కితే గుడ్డు లోపలే మాడిపోతుంది. అందుకే ఎండలు ముదిరాక కంచెపైన తాటాకు పందిరి వేసేవాళ్ళం. సుమారు యాభై రోజులకు, ఇసుక చల్లబడిన రాత్రివేళ, పిల్లలు బిలబిలమంటూ పైకి వస్తవి. వాటిని సముద్రం దగ్గర వదలాలి. తెల్లవారేదాకా వుంటే కాకులపాలే.

నాతోబాటు కాపలా కాసేది చేపలు పట్టే ఒక ముసలాయన. నేను తాతా అనేవాణ్ణి. ఆయనకు ఎప్పుడు ఏ గూడు చిట్లుతుందో పైన ఇసుక కుంగడం చూస్తేనే తెలిసిపోయేది.

ఆ ప్రాంతమంతా అరచెయ్యిలా చదును. ఎటు చూసినా ఆకాశమూ నేలా తప్ప మరేమీ కనిపించదు. పది రోజులయేసరికి నాకు కొండలమీద బెంగ పుట్టింది. అందుచేత శలవు వస్తే చాలు, బెజవాడ బస్సెక్కేసేవాణ్ణి.

తూర్పు కనుమల కొండలు బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డం వచ్చినవి. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ. రెంటి నడుమనుంచి నది దారి చేసుకుని పోతుంది. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి వున్నది అక్కడే. ఈ కొండల రాతికి పూర్వం భూగర్భ శాస్త్రజ్ఞులు ‘బెజవాడ నైస్’ అని పేరు పెట్టారు. తరవాత 1902లో ఖోండు జాతివారి పేరుమీదుగా ‘ఖోండలైటు’ అన్న పేరు వచ్చింది. మీరు ఆ రాయి ముక్కను ఎండలో తిప్పి చూడండి. దానిమ్మగింజల్లాంటి ఎర్రని పలుకులు కనిపిస్తవి. వాటిని గార్నెట్లు అంటారు. నేను మొదటిసారి చూసి ఆశ్చర్యపోయాను, ఎందుకంటే మా కంచెలోని ఇసుకలోనూ అటువంటి ఎర్రని రేణువులు వుండేవి! కొండ అరిగి రాయి, రాయి అరిగి ఇసుక, ఇసుక ఏటివెంట సముద్రానికి. అన్నీ ఈ కొండవే అనలేము, కృష్ణ ఎక్కడెక్కడివో తెస్తుంది.

మే నెలలో ఒక శలవు రోజున కొండపల్లి వెళ్ళాను. అక్కడి కోట 14వ శతాబ్దంలో రెడ్డిరాజుల కాలంనాటిది. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి చెట్లు ఆ కొండల్లో పెరుగుతవి. ఎండాకాలంలో వాటికి ఆకు వుండదు, గనక నీడా వుండదు. ఇది నాకు పుస్తకంలో చదివి తెలుసు. తెలిసీ పొద్దెక్కాక, ఒక్క సీసా నీళ్ళతో ఎక్కాను. అంతటితో వూరుకోక, దిగేటప్పుడు మెట్లదారి వదిలి అడ్డదారి పట్టాను.

అరగంటలో దారి ముళ్ళపొదల్లో కలిసిపోయింది. నీళ్ళు అయిపోయినవి. రాతిమీద చెయ్యి ఆనిస్తే పెనంమీద పెట్టినట్టు వుంది. మన ఒంటిని చల్లగా వుంచేది చెమట. చెమటకు నీళ్ళు కావాలి. ఆ నీళ్ళే లేకపోతే ఒళ్ళు లోపలినుంచి ఉడికినట్టవుతుంది. నాకు కళ్ళు తిరిగినవి. ఒక బండసందులో నీడ చూసుకుని కూలబడ్డాను. సాయంత్రం మేకలు కాసే ఒకాయన నన్ను చూసి, తన నీళ్ళు తాగించి, చెయ్యి పట్టుకుని కిందికి దించాడు.

అప్పటికి ఆఖరి బస్సు పోయింది. మరునాడు పొద్దెక్కాక కంచె దగ్గరికి చేరాను. ఆ రాత్రే రెండు గూళ్ళు ఒక్కసారి చిట్లాయిట! తాత ఒక్కడూ మొదటిదాన్ని బుట్టలో మోసుకుపోయి వదిలి వచ్చేసరికి రెండోది పైకి వచ్చింది. వల చిరిగిన చోటునుంచి కాకులు దూరాయి. పదకొండు పిల్లలు పోయినవి.

తాత నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. “ఆ కొండమీద ఏముంటుంది బాబూ, అంత దూరం పోతావు?” అన్నాడు.

“ఎత్తు, తాతా! చాలా దూరం కనిపిస్తుంది,” అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత 1977 నవంబరు 19 నాటి వుప్పెన సంగతి చెప్పాడు. ఆ రాత్రి దివిసీమను సముద్రం ముంచెత్తింది. సుమారు 10,000 మంది చనిపోయారని లెక్క, ఇంకా ఎక్కువే అనేవారూ వున్నారు. తాత అప్పటికి పాతికేళ్ళవాడు. తాటిచెట్టు కావలించుకుని బతికాడు. “ఎక్కడానికి ఒక్క దిబ్బ లేదు బాబూ,” అన్నాడు. ఆయన పుట్టి బుద్ధెరిగి కొండ ఎక్కనే లేదట.

మరుసటి శలవుకు పగటి కాపలా ఇంకొకరికి అప్పగించి, తాతను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఈసారి తెల్లవారుజామునే, రెండు కూజాల నీళ్ళతో. బెజవాడ రైలు స్టేషను దగ్గరి గాంధీకొండ పెద్దవాళ్ళు కూడా ఎక్కగలిగినది. 1968లో ఆవిష్కరించిన 52 అడుగుల గాంధీ స్తూపం దానిమీదనే వుంది. తాత మెట్టు మెట్టుకూ ఆగి వెనక్కి చూస్తూ ఎక్కాడు. పైకి చేరాక తలపాగా తీసి తూర్పుకేసి చాలాసేపు చూశాడు.

“సముద్రం ఏదీ?” అన్నాడు.

కనిపించదు మరి! భూమి గుండ్రం కదా. సుమారు 150 మీటర్ల ఎత్తునుంచి చూస్తే, ఆకాశం ఎంత తేటగా వున్నా, 44 కిలోమీటర్ల దూరంలోనే నేల వంగి కనుమరుగవుతుంది. సముద్రం అంతకంటె దూరం. ఇసుకలో పుల్లతో గుండ్రం గీసి ఆయనకు చూపించాను.

తాత ఆ గీతను చూసి, “అయితే ఆనాడు ఇక్కడ ఎవరు నిలబడినా, అది వస్తున్నట్టు కనిపించేది కాదన్నమాట,” అన్నాడు.

నేను ఏమీ అనలేకపోయాను. ఆయన ఎర్రపలుకులున్న చిన్నరాయి ఒకటి ఏరి తువాలు కొంగున ముడివేసుకున్నాడు.

“లే బాబూ, బస్సు పోతుంది. నలభై ఎనిమిది రోజుల గూడు ఒకటుంది,” అంటూ తాత ముందు దిగసాగాడు.