పనిమనిషి గెలిచిన ఒపెరా

గంభీర ఒపెరాయే అసలు కళ, హాస్య ఒపెరా పొద్దుపోని వాళ్ళకు కాలక్షేపం అనే మాట సంగీత రసికుల్లో ఇంకా చెలామణీ అవుతోంది. చరిత్ర ముందు ఈ మాట నిలవదు.

1733లో నేపుల్స్‌లో పెర్గొలేసి అనే స్వరకర్త ఒక గంభీర ఒపెరా కట్టాడు. దాని అంకాల నడుమ వేయడానికి 'లా సెర్వా పద్రోనా' అనే రెండు భాగాల హాస్యం జోడించాడు. పాత్రలు ముగ్గురే, అందులో ఒకడు అసలు నోరే విప్పడు. సెర్పీనా అనే పనిమనిషి యజమానిని బోల్తా కొట్టించి పెళ్ళాడి, ఆ ఇంటికే యజమానురాలవుతుంది. ఆ గంభీర ఒపెరా పేరు ఇవాళ ఎందరికి తెలుసు? సెర్పీనా మాత్రం 1752లో పారిస్ చేరి అక్కడి మేధావుల్ని రెండు జట్లుగా చీల్చింది. ఆమె పక్షాన కలం పట్టినవాడు సాక్షాత్తూ తత్వవేత్త రూసో!

గంభీర ఒపెరాలో వీరుడు ముందుకొచ్చి ఒక భావం పాడతాడు, మొదటి భాగాన్ని గమకాలతో మళ్ళీ పాడతాడు, చప్పట్లు అందుకుని నిష్క్రమిస్తాడు. పద్యం చివర రాగం సాగదీసి వన్స్‌మోర్ కోసం చూసే మన నాటక నటుడి లాంటివాడే. ఇలాంటి ఒపెరాలు కట్టిన హాండెల్ బాణీల సొగసును కాదనను. కానీ పాట సాగినంతసేపూ కథ ఆగిపోతుంది.

హాస్యానికి ఆ తీరిక లేదు. మొజార్ట్ 'ఫిగారో పెళ్ళి' (1786) రెండో అంకం చివర చూడండి. గదిలో భార్య ప్రియుడు దాక్కున్నాడని కౌంట్ కత్తి దూస్తాడు. తలుపు తెరుచుకుంటే బయటికొచ్చేది పనిపిల్ల సుజానా! కౌంట్ నోట మాట రాదు, సంగీతం మాత్రం నింపాదిగా అతణ్ణి వెక్కిరిస్తుంది. అంతలో విరిగిన పూలకుండీతో తోటమాలి దిగబడతాడు. ఇద్దరితో మొదలైన గొడవ ఏడుగురికి పాకుతుంది. దాదాపు 20 నిమిషాలు, ఎక్కడా పాట ఆగదు, కథా ఆగదు. పాటతోనే నాటకం నడపడం నేర్పింది ఈ 'తేలిక' రకమే.

పైగా తేలికేమిటి? ఈ కథకు మూలమైన బొమార్షే నాటకాన్ని వియన్నా రంగస్థలం మీద చక్రవర్తి ఆడనివ్వలేదు. ఒపెరాకు మాటలు రాసిన దా పోంతె రాజకీయ సంభాషణలు కత్తిరించాకే ఒపెరాకు దారి దొరికింది. అయినా చివరికి నౌకర్ల ఎదుటే కౌంట్ భార్యను క్షమాపణ అడుగుతాడు.

ఆ వారసత్వం గిల్బర్ట్, సలివన్‌ల 'హెచ్.ఎం.ఎస్. పినఫోర్' (1878) మీదుగా బ్రాడ్‌వే దాకా సాగింది. విషాదాలతో ప్రపంచాన్ని ఏడిపించిన వెర్డి కూడా 79వ ఏట తన ఆఖరి ఒపెరాగా ఇచ్చింది 'ఫాల్‌స్టాఫ్' (1893). అది హాస్యమే.