బండిని మూటల్లోకి పంపమనేవాళ్ళకు

ఆదివారం మీటింగులో మా నాన్న జావా గురించి ఇద్దరు పెద్దలు చెప్పిన మాటకు అక్కడ జవాబు చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నా.

"ఇట్లా ముక్కముక్కగా ఎన్నాళ్ళు బాగుచేస్తావు? మొత్తం విప్పించు, కొత్త పెయింట్ వేయించు, ఉగాదికి స్టేజీ పక్కన నిలబెట్టు" అన్నారు.

నిలబెట్టను. 1969లో మన మైసూరు యాదవగిరి ఫ్యాక్టరీలో పుట్టిన బండి అది. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది, బండి ఇంకా నడుస్తోంది.

మొత్తం విప్పించే ముచ్చటా ఒకసారి తీరింది. ఒక షెడ్డులో పద్నాలుగు నెలలు రెండు గోనెసంచుల్లో పడి ఉంది. తిరిగొచ్చేసరికి కార్బురేటర్ వేరేది. అన్నీ ఒకేసారి మార్చారు కాబట్టి, స్టార్ట్ కాకపోతే తప్పు ఎక్కడుందో విప్పినవాడికే తెలియలేదు. అక్కడి కుర్రాడు "అన్నా, కిక్ ఎక్కడ?" అని అడిగినప్పుడే నాకు అర్థం కావాల్సింది. జావాలో గేర్ రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్!

ఇప్పుడు నా పద్ధతి వేరు. ముందు బ్రేక్ షూలు, టైర్లు, వైరింగ్. ఇవి కాకుండా రోడ్డెక్కలేదు, ఎవరూ ఎక్కకూడదు కూడా. తర్వాత పాయింట్లు, 0.4 మిల్లీమీటర్ల గ్యాప్. ఒక పని చేసి, వారం తిరిగి, ఇంకో పని. తిరుగుతున్నాను కాబట్టే తెల్ల పొగ ఎక్కువైందని, గేర్‌బాక్స్ ఆయిల్ తగ్గుతోందని కనిపెట్టా. క్లచ్ వైపు క్రాంక్ సీల్ పోయింది. నిలబెట్టిన బండి ఈ సంగతి చెబుతుందా? క్రాంక్ పనికి ఇంజన్ దించక తప్పదు, ఒప్పుకుంటా. పది రోజులు దించాం, ఎక్కించాం, అంతే.

"వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించు, గౌరవంగా ఉంటుంది" అని ఇంకో సలహా. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన బండికి అది దొరుకుతుంది, నిజమే. కానీ ఆ నంబరుతో రోజూ తిరగడానికి వీల్లేదు. నేను కూరగాయలకు కూడా దాని మీదే పోతా.

ఇక పెయింట్. ట్యాంకుకు రెండు పక్కలా రంగు పోయి రేకు కనబడుతోంది, చూసేవాళ్ళకు అసహ్యమే. అవి నాన్న మోకాళ్ళు రాసుకున్న చోట్లు. అక్కడ బ్రష్ పెట్టనివ్వను.

వచ్చే మీటింగుకు దాని మీదే వస్తా. ఫోటో కావాలన్న మామ వెనక కూర్చోవచ్చు, హెల్మెట్ తెచ్చుకోండి.